విమానం బాగానే ఉంది, రిపేరు ప్రయాణికుడికి కావాలి

విమానాల భద్రత గురించి ఎవరు సలహా ఇచ్చినా రెక్కల మీదో ఇంజన్ల మీదో పడతారు. పాపం, వాటి తప్పేముంది? 1954లో రెండు కామెట్ విమానాలు గాల్లోనే ముక్కలైతే, నలుపలకల కిటికీల మూలల దగ్గర ఒత్తిడి పేరుకుని లోహం చీలుతోందని కనిపెట్టారు. తర్వాత మూలల్ని గుండ్రంగా చేశారు. లోహం మాట విన్నది. ఎన్ని డిజైన్లు మారినా మాట విననిది ఒకే ఒక్క భాగం. దానికి సీటు నంబరు కూడా ఉంటుంది.

44 సీట్లు దాటిన ప్రతి మోడల్‌కూ ఒక పరీక్ష ఉంది. సీట్లన్నీ నిండినా, సగం తలుపులే తెరుచుకున్నా, 90 సెకన్లలో అందరూ బయటపడాలి. 2006లో హాంబర్గ్‌లో ఎయిర్‌బస్ వారి రెండంతస్తుల విమానం ఎ380కి ఆ పరీక్ష చీకట్లో పెడితే, 853 మంది ప్రయాణికులు, 20 మంది సిబ్బంది 78 సెకన్లలో దిగిపోయారు. మొన్న నా ముందు వరసాయనకు బ్యాగు జిప్పు లాగడానికే అంత టైము పట్టింది.

పరీక్షలో నడవ నిండా అక్కడక్కడ బ్యాగులు, దుప్పట్లు, దిండ్లు పడేయాలని కూడా రూలు రాశారు. పసిపిల్లల బదులు మూడు బొమ్మల్ని ఎత్తుకుని దూకాలట. ఎంత ముందుచూపు! బ్యాగు కింద పడి ఉంటుందని ఊహించిన మహానుభావులకు, అది మనిషి చంకలో ఉంటుందని మాత్రం తట్టలేదు. 2024 జనవరిలో టోక్యోలోని హనేదా విమానాశ్రయంలో మంటల్లో చిక్కిన విమానం నుంచి 379 మందీ సామాను వదిలేసి బయటపడ్డారు. నా వాదనకు ఇది ఇబ్బంది కాబట్టి ఇక్కడ ఆగను.

మామూలు రోజు ఏం జరుగుతుందో చూడండి. చక్రాలు నేలకు తగిలాయో లేదో, టపటపా బెల్టుల చప్పుడు. కిటికీ పక్కాయన లేచి నిలబడతాడు. నిలబడడం అంటే పూర్తిగా కాదు. పైనున్న సామాను అర తగలకుండా మెడ భుజం మీదికి వాల్చి, మోకాళ్లు సగం వంచి, ఒక చేత్తో ముందు సీటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని "దిగిపోయాం, దిగిపోయాం" అంటుంటాడు. తలుపు తెరవడానికి ఇంకా పావుగంట.

మనిషి నైజం తెలిసి చేసిన డిజైన్ విమానంలో ఒక్కటే ఉంది: టాయిలెట్ తలుపు దగ్గరి యాష్‌ట్రే. 1973లో పారిస్ దగ్గర టాయిలెట్‌లో పుట్టిన మంట 123 మందిని బలితీసుకున్నాక వచ్చింది ఆ రూలు. పొగ తాగితే నేరం, అయినా ఎవడో ఒకడు తాగుతాడు, తాగాక పీకను కాగితాల బుట్టలో పడేయకూడదు. అందుకని నిషేధం బోర్డూ యాష్‌ట్రే పక్కపక్కనే పెట్టారు. ఇంజనీరింగ్ అంటే ఇదీ.

నా ప్రతిపాదనలన్నీ ఆ యాష్‌ట్రే అడుగుజాడల్లోనే. భద్రతా సూచనలు మైకులో చెప్పడం మానేయాలి. ఇద్దరు ఎయిర్‌హోస్టెస్‌లు నడవలో నిలబడి, "ఎవరికీ చెప్పకే" అంటూ గుసగుసగా చెప్పుకుంటే చాలు, ముప్పై వరసల చెవులు అటే తిరుగుతాయి. సీటు బెల్టు లైటు వెలిగినప్పుడు "దయచేసి లేచి నిలబడండి" అని రాయాలి. ఒక్కడు లేస్తే ఒట్టు. సీట్ల మధ్య జాగా గురించి మాత్రం ఫిర్యాదు లేదు. ప్రమాద సమయంలో తల ముందు సీటుకు ఆనించాలంటారు కదా, టేకాఫ్ నుంచే ఆ భంగిమలో కూర్చోబెడుతున్నందుకు డిజైనర్లకు కృతజ్ఞతలు.

ఇక అసలైన ఆవిష్కరణ. అత్యవసర పరిస్థితిలో పైలట్ ఒక మీట నొక్కగానే సామాను అరలు తెరుచుకుని, బ్యాగులన్నీ తమంతట తామే జారుడు బల్ల మీంచి కిందికి దొర్లిపోవాలి. మనుషుల్ని ఎవరూ బతిమాలక్కర్లేదు. బ్యాగు ఎటు పోతే మనిషి అటు. 78 సెకన్లు కాదు, 40లో విమానం ఖాళీ అవుతుంది. కిందికెళ్లాక నల్ల బ్యాగులన్నీ ఒకేలా కనిపించి "ఇది నాది, కాదు నాది" అంటూ గొడవ మొదలవుతుందంటారా? అక్కడ ఫైరింజన్ ఎలాగూ ఉంటుంది.