నయా ఖిల్లాలో పద్ధతైన గుంతలు

హైదరాబాద్‌లో గుంతలకు కరువు లేదు. కానీ పద్ధతిగా తవ్వి, పద్ధతిగా పూడ్చిన గుంతను చూడాలంటే గోల్కొండ దాకా పోవాల్సిందే. 1656లో మొగలుల దాడి తర్వాత, పక్క గుట్ట శత్రువు చేతికి చిక్కితే కోటకే ముప్పని అబ్దుల్లా కుతుబ్‌షా దాన్ని కూడా కలుపుకుని కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. చరిత్రకారులు దీన్ని రక్షణ ఏర్పాటంటారు. ఇప్పుడు లోపల 18 హోళ్ల గోల్ఫ్ కోర్సు ఉంది గనుక, సుల్తాన్ ముందుచూపును మనం కొంచెం సవరించి అర్థం చేసుకోవాలి. ఒకవైపు బురుజులు, కింద పచ్చిక, మరోవైపు సుమారు 27 మీటర్ల చుట్టుకొలత ఉన్న బావోబాబ్ చెట్టు, హథియాన్ కా ఝాడ్. ఇంత అందమైన చోట గుంత తవ్వడానికి చేతులెలా వచ్చాయో అనిపిస్తుంది. తవ్వే తీరు తెలిస్తే ఆ బెంగ తీరిపోతుంది.

గోల్ఫ్‌లో బంతి పడాల్సిన గుంత, అంటే హోల్, వ్యాసం 108 మిల్లీమీటర్లు, లోతు కనీసం 4 అంగుళాలు. స్కాట్లండ్‌లోనైనా గోల్కొండలోనైనా అంతే. దాన్ని ఎక్కువ రోజులు ఒకేచోట ఉంచరు. చుట్టూ అందరూ తొక్కితే గడ్డి చస్తుంది. కాబట్టి పొద్దున్నే మాలీ హోల్ కట్టర్ పట్టుకుని వస్తాడు. వాలు తక్కువున్న చోటు ఎంచుకుని, కట్టర్‌ను నిటారుగా నిలిపి, తిప్పుతూ దించుతాడు. ఏమాత్రం వంకరగా దిగినా ఒక అంచు లేస్తుంది, లోపల పడాల్సిన బంతి పక్కకు తిరిగిపోతుంది. బయటికొచ్చిన మట్టిగడ్డను అలాగే తీసుకెళ్లి పాత గుంతలో దించి, నేలతో సమం చేసి, అంచులు కలిపి నీళ్లు పోస్తాడు. పైకి ఉంటే, 3, 4 మిల్లీమీటర్ల ఎత్తులో నడిచే గడ్డికోత మోవర్ దాని నెత్తి గొరిగేస్తుంది. కిందికి ఉంటే బంతి గంతేస్తుంది. నీళ్లు మరిచిపోతే ఎండకు హోల్ చుట్టూ ఉండే పచ్చటి గ్రీన్ మీద పసుపు బిళ్ల తేలుతుంది.

గమనించారా? ఎంత తవ్వాడో అంతే పూడ్చాడు, తీసిన మట్టే పెట్టాడు, అదీ అదే పూట. మన రోడ్లకు ఇంత తొందర పనికిరాదు. కేబుల్ వాళ్లు తవ్విన కందకంలో మట్టిని పొరలుపొరలుగా వేసి దిమ్మిస కొట్టాలని పుస్తకాల్లో రాసే ఉంది. కానీ ఒక్కసారే కుమ్మరిస్తే మొదటి వానకు అది తనంతట తానే కుంగుతుంది, దిమ్మిస కూలి మిగులుతుంది. మిగిలిన మట్టి రోడ్డు పక్కన కుప్పగా ఉంటుంది, తర్వాత తవ్వే శాఖకు గుర్తుగా.

గోల్ఫ్ నిబంధనల్లో మనం వెంటనే దిగుమతి చేసుకోవాల్సింది 'గ్రౌండ్ అండర్ రిపేర్', అంటే మరమ్మతులో ఉన్న నేల. తెల్ల గీత గీసిన ఆ చోట బంతి పడితే శిక్ష లేదు. ఇబ్బంది లేని దగ్గరి చోటు చూసుకుని, అక్కడి నుంచి ఒక కర్ర పొడవు లోపల, హోల్‌కు మరింత దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి బంతి వదలాలి. దీన్ని బైకు మీద పోయేవాళ్లకు కూడా వర్తింపజేయొచ్చు. మోకాలి ఎత్తు నుంచి పడడం వాళ్లకు అలవాటే. శిక్ష లేకుండా లేవడమే కొత్త. గీతలకు కావాల్సిన సున్నం మాత్రం టెండర్‌లో ముందే గట్టిగా లెక్కేసుకోవాలి, నగరంలో గీత అవసరం లేని చోట్లు వేరుగా గుర్తిస్తే చవక.

వాన నీటికీ నియమముంది. ఆటగాడు నిలబడితే నీరు పైకి కనిపించాలి, నేల ఊరికే మెత్తబడితే చాలదు. అప్పుడే దాన్ని తాత్కాలిక నీరంటారు, జరిగి ఆడుకోవచ్చు. కోటకు కూతవేటు దూరంలో ఉన్న టోలీచౌకీ లోతట్టు కాలనీల్లోనూ నీరు కనిపిస్తుంది. జరగడానికే చోటుండదు.

పోయిన బంతిని వెతకడానికి 3 నిమిషాలే గడువు. 2019కి ముందు 5 ఉండేవి. మ్యాన్‌హోల్ మూతల విషయంలో ఇంత కఠినంగా ఉండమని ఎవరూ అడగరు.

ఇక హ్యాండికాప్. ఆట రాని వాడు కూడా వచ్చినవాడితో సమానంగా పోటీపడేలా బంతిని కొట్టడానికి అదనపు దెబ్బలు ఇచ్చే ఏర్పాటిది. దీన్ని కాంట్రాక్టర్లకు ఇస్తే న్యాయమే. అయితే గోల్ఫ్‌లో గరిష్ఠ పరిమితి 54. మన దగ్గర పాతబడ్డ కొందరికి అది బొత్తిగా చాలదు కనుక, అమలుకు ముందు ఆ అంకెను సవరించేందుకు ఒక కమిటీ వేయాలి. కమిటీకి గడువు ఎలాగూ పెంచుతారు.