ఆ కేబుల్ పని చేయదు, ఎప్పటికీ పని చేయదు, అయినా అమ్ముతూనే ఉన్నారు

కొత్త గేమ్ కన్సోల్‌ని పాత టీవీకి కలుపుతుందని అమ్మే ఒక కేబుల్ ప్లగ్గుని ఇప్పుడే కత్తితో చీల్చి చూశాను. చూశాక నిద్ర పట్టేలా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

విషయం చిన్నది. హాల్లో టీవీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు కాబట్టి కొత్త గేమ్ కన్సోల్‌ని లోపలి గదిలో ఉన్న పాత డబ్బా టీవీకి పెట్టుకుందామని నేనూ మావాడూ అనుకున్నాం. ఆ టీవీకి ఏ రోగమూ లేదు. పిక్చర్ ట్యూబ్ దివ్యంగా వెలుగుతుంది, రంగులు చెక్కుచెదరలేదు. దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు మూడున్నాయి, వీటినే ఏవీ అంటారు, పసుపు బొమ్మకి, మిగతా రెండూ సౌండుకి. కన్సోల్ వెనక బొమ్మ బయటికొచ్చే దారి ఒక్కటే, కొత్త టీవీలకి కలిపే హెచ్‌డీఎంఐ సాకెట్. అందుకని ఒక చివర హెచ్‌డీఎంఐ ప్లగ్గు, రెండో చివర మూడు రంగుల పిన్నులు ఉన్న కేబుల్ తెచ్చాను. అట్ట మీద ఒక పక్క గేమ్ కన్సోల్ బొమ్మ, ఇంకో పక్క టీవీ బొమ్మ, మధ్యలో బాణం గుర్తు. "పాత టీవీకి వస్తుందా?" అని అడిగితే "పెట్టడమే సార్, వచ్చేస్తుంది" అన్నాడు అమ్మినతను.

పెట్టాం. రిమోట్‌లో ఏవీ నొక్కాం. నీలం తెర. ఏవీ2 నొక్కాం, నీలం తెర. పిన్నులు పీకి మళ్ళీ పెట్టాం, కన్సోల్ ఆపి మళ్ళీ వేశాం, రిజల్యూషన్ ఎక్కువై రావట్లేదేమోనని కన్సోల్‌ని హాల్లో టీవీకి పట్టుకెళ్ళి సెట్టింగ్స్‌లో తగ్గించి మళ్ళీ లోపలికి తెచ్చాం. మావాడు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని "నాన్నా, ఇప్పుడొస్తుందా?" అని ఆ గంటన్నరలో ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. చివరికి అడగడం మానేశాడు. అలాగే కూర్చుని నిద్రపోయాడు. అప్పుడు తీశాను కత్తి.

ప్లగ్గు లోపల ఏముందో తెలుసా? హెచ్‌డీఎంఐకి 19 పిన్నులుంటాయి. వాటిలో నాలుగైదింటికి వెంట్రుకల్లాంటి వైర్లు సాల్డరింగ్ చేసి, ఆ వైర్లని తిన్నగా తీసుకెళ్ళి మూడు రంగుల పిన్నులకి అతికించారు. అంతే. చిప్పు లేదు. సర్క్యూట్ బోర్డు ముక్క కూడా లేదు. పైన ఇంత మందాన ప్లాస్టిక్ పోసి మూసేశారు.

కొంచెం తెలిసిన ఎవరికైనా ఇది ఎంత ఘోరమో అర్థమవుతుంది. హెచ్‌డీఎంఐలో వచ్చేది డిజిటల్ సిగ్నల్, అంటే అంకెలు. పసుపు సాకెట్‌కి కావాల్సింది అనలాగ్ సిగ్నల్, అంటే ఎక్కుతూ దిగుతూ ఉండే ఒక విద్యుత్ అల, అందులోనే వెలుతురూ రంగూ కలిసి ఉండాలి. ఆ 19 పిన్నుల్లో ఏ ఒక్కదానిలోనూ అనలాగ్ బొమ్మ రాదు. కాబట్టి మధ్యలో కూర్చుని అంకెల్ని అలగా మార్చే చిప్పు ఉండి తీరాలి, ఆ చిప్పుకి కరెంటు కావాలి. ఒట్టి రాగి వైరు ఆ పని చేయలేదు, ఏ టీవీలోనూ చేయలేదు, ఏ కన్సోల్‌తోనూ చేయలేదు. కంప్యూటర్ల డీవీఐ సాకెట్లలో కొన్నిటికి అనలాగ్ పిన్నులు వేరుగా ఉండేవి, అందుకే అక్కడ చిన్న అడాప్టర్ తగిలిస్తే పాత మానిటర్‌కి బొమ్మ వచ్చేది. అది చూసిన జనం ఇదీ అలాంటిదే అనుకుంటారు. అమ్మేవాళ్ళకి కావాల్సిందీ అదే.

పాడైన వస్తువైతే నేను ఇంత బాధపడను, మార్చుకుంటాను. ఇది పాడవలేదు. ఇది తయారు చేసిన రోజే పని చేయదు. తయారు చేసినవాడికి తెలుసు, అట్ట మీద ఆ బాణం గుర్తు వేసినవాడికీ తెలుసు. దీన్ని కొనేది ఎవరు? కొత్త టీవీ ఇప్పుడప్పుడే కొనలేక, ఉన్నదానితో సర్దుకుందామనుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గరే కాజేస్తున్నారు. ఇంటికెళ్ళి పెట్టి చూసి రాకపోతే తమ టీవీదే తప్పనుకుని ఊరుకుంటారు. ఎంతమంది ఈ కేబుల్ వల్ల మంచి టీవీని పాతసామాను కింద పడేసి ఉంటారో తలచుకుంటేనే కడుపు మండుతోంది.

ఇంకొకటి. నీలం తెర ఫొటో పెట్టి "ఎవరికైనా తెలుసా" అని సాయంత్రం ఇక్కడే రెండు లైన్లు రాశాను కదా. కింద వచ్చిన జవాబులు చూశారా? "ఇంకా ఆ డబ్బా పెట్టుకున్నావా అన్నా", "కొత్త టీవీ కొనేయ్ బ్రో". కేబుల్ లోపల చిప్పు ఉందా అని ఒక్కరూ అడగలేదు. ఒక్కరు! అడిగింది దారి, చెప్పింది కొనమని. నా దగ్గరున్నది వెలుగుతున్న తెర. వెలుగుతున్న తెరని పారేయమని అంత తేలిగ్గా ఎలా అంటారు?

సరే, మీలో ఎవరైనా ఇదే పనిలో ఉంటే కావాల్సింది ఏంటంటే, హెచ్‌డీఎంఐ టు ఏవీ కన్వర్టర్ అనే చిన్న డబ్బా. దానికి యూఎస్‌బీ నుంచి ఐదు వోల్టుల కరెంటు ఇవ్వాలి. కరెంటు వైరు పెట్టే చోటే లేకుండా ఉన్నది దొరికితే ముట్టుకోకండి. ఇక్కడా ఒక గుంట ఉంది, ఏవీ టు హెచ్‌డీఎంఐ అని ఇంకో డబ్బా ఉంటుంది, అచ్చం అదే సైజు, అదే ఆకారం, రెండు చివర్లా అవే సాకెట్లు, కానీ అది పాత కన్సోల్‌ని కొత్త టీవీకి పెట్టడానికి, అంటే పూర్తిగా తిరగేసిన పని. పైన అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో చూసుకోవాలి. ఇంకా ఆ కన్వర్టర్ పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ (టీవీ సిగ్నల్‌లో రెండు రకాలు) అని గోరంత స్విచ్ ఉంటుంది. మీ టీవీకి ఏది పడుతుందో దానికి జరపాలి, తప్పు వైపు ఉంటే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా పైనుంచి కిందికి దొర్లుతూనే ఉంటుంది. టీవీలో సౌండుకి ఒకటే సాకెట్ ఉంటే తెల్ల పిన్ను పెట్టండి, కన్సోల్ సెట్టింగ్స్‌లో మోనో ఉంటే అది పెట్టండి, లేదంటే కుడివైపు సౌండు పోతుంది.

ఇన్ని చేశాక బొమ్మ వస్తుంది. వచ్చాక ఏం కనిపిస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇంతకుముందోసారి స్నేహితుడి ఇంట్లో సరైన కన్వర్టర్‌తో పెట్టి చూశాం.

ఫుట్‌బాల్ గేమ్ పెట్టాం. బంతి కోడిగుడ్డులా ఉంది. ఆటగాళ్ళంతా సన్నగా, పొడుగ్గా సాగిపోయారు. కన్సోల్ ఇచ్చేది వెడల్పాటి 16:9 బొమ్మ, పాత టీవీ ఇరుకైన 4:3, కన్వర్టర్ పైనా కిందా నల్ల పట్టీలు వేయకుండా మొత్తాన్ని పక్కలనుంచి నొక్కి కూరేస్తుంది. స్కోరు మూలన ఉంటుంది, ఆ మూల టీవీ అంచు కిందికి పోయింది, ఎందుకంటే పాత టీవీలన్నీ బొమ్మ అంచుల్ని కొంత దాచేస్తాయి. స్క్రీన్ సైజు తగ్గించే సెట్టింగ్ కన్సోల్‌లో ఉంటుంది కాబట్టి అది సర్దుకోవచ్చు. బంతి సంగతీ కళ్ళు అలవాటు పడతాయి. కానీ అక్షరాలు! ఆ అక్షరాల్ని ఏం చేయాలి? వేరే గేమ్ పెట్టి, తెరకి జానెడు దూరంలో ముఖం పెట్టినా, బులెట్లు ఆరు మిగిలాయో ఎనిమిది మిగిలాయో తెలియలేదు. ఎక్కడికెళ్ళాలో చెప్పే లైను మొత్తం తెల్లటి మరకలా ఉంది.

4కే బొమ్మ అంటే 3840 బై 2160 చుక్కలు. పాల్ టీవీకి చేరేది 720 బై 576. లెక్క వేసి చూడండి, సరిగ్గా ఇరవయ్యో వంతు. కాబట్టి చిన్న అక్షరం అరిగిపోతుంది, అది టీవీ తప్పు కాదు. గేముల్లో అక్షరాల సైజు పెంచే సెట్టింగ్ ఒక్కటి పెట్టమని తయారు చేసేవాళ్ళని అడుగుతున్నాం. ఇదేమీ నిన్న మొన్నటి గొడవ కూడా కాదు. 2006లో ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్‌కి డెడ్ రైజింగ్ అనే గేమ్ వచ్చినప్పుడే పాత టీవీలున్నవాళ్ళు అక్షరాలు చదవలేకపోతున్నామని మొత్తుకున్నారు. ఇప్పటికీ చాలా గేముల్లో ఆ సెట్టింగ్ లేదు. ఇది పాత టీవీల వాళ్ళ బాధే కాదు, చూపు తగ్గినవాళ్ళందరి బాధ. సోఫాలో కూర్చుంటే 4కే టీవీలో కూడా మా అన్నయ్యకి కనపడట్లేదు.

అసలు కన్సోల్‌లోంచి ఆ ఏవీ సాకెట్ ఎందుకు తీసేశారు అనేది నాకు పదేళ్ళకి పైగా ఉన్న కోపం. 2006లో వచ్చిన సోనీ కన్సోల్ పీఎస్3లో హెచ్‌డీఎంఐ ఉంది, దాని పక్కనే ఏవీ కూడా ఉంది. 2012లో వచ్చిన నింటెండో కన్సోల్ వీ యూలో రెండూ ఉన్నాయి. ఎవరికి ఏ టీవీ ఉంటే అది పెట్టుకున్నారు, ఎవరికీ నష్టం రాలేదు. 2013 నవంబర్‌లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చాయి, బొమ్మకి హెచ్‌డీఎంఐ తప్ప ఇంకో దారి లేదు. 2017లో నింటెండో స్విచ్ కన్సోల్ వచ్చింది, అదీ అంతే. 2020లో వచ్చినవాటి సంగతి చెప్పక్కర్లేదు.

పాత టీవీలు ఎవరి దగ్గరా లేవు కాబట్టి తీసేశారని చెప్తారు. నేను నమ్మను. బ్లూ-రే డిస్కుల్లో వచ్చే సినిమాలకి కాపీ కాకుండా వేసే తాళం సంగతి చూసే ఏఏసీఎస్ లైసెన్సులో అనలాగ్ సన్‌సెట్ అని ఒక నిబంధన ఉంది. 2010 డిసెంబర్ 31 తర్వాత తయారైన ప్లేయర్లు ఆ సినిమాల్ని అనలాగ్ సాకెట్‌లోంచి పాత టీవీ స్థాయికి మించి ఇవ్వకూడదు, 2013 డిసెంబర్ 31 తర్వాత తయారైనవి అసలే ఇవ్వకూడదు. ఎవరైనా కాపీ చేసుకుంటారని భయం. పీఎస్4లో, ఎక్స్‌బాక్స్ వన్‌లో ఉన్నవి బ్లూ-రే డ్రైవులే. అవి వచ్చిన నెల, ఆ గడువు తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. సినిమా దొంగలకి వేసిన తాళం గేమ్ ఆడుకునేవాడి తలుపుకి పడిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. హెచ్‌డీసీపీ, అంటే హెచ్‌డీఎంఐలో వెళ్ళే బొమ్మని కాపీ కాకుండా అడ్డుకునే తాళం, అది కూడా ఆ కుటుంబమే. పీఎస్4లో మొదట్లో గేములకి కూడా ఆ తాళం ఉండేది, 2014లో అప్‌డేట్ ఇచ్చి గేములకి దాన్ని తీసేసుకునే వీలు కల్పించారు. అంటే గేములకి అది అవసరం లేదనేగా?

ఇప్పుడు రెండో వైపునుంచి కూడా మూసేస్తున్నారు. కొత్త టీవీల్లో చాలావాటికి మూడు రంగుల సాకెట్లే లేవు. అటకమీద పాత కన్సోల్ ఉంది, గేములున్నాయి, తెచ్చి పెడదామంటే పెట్టే చోటు లేదు. కొన్ని ఆటలైతే పెట్టినా ఆడలేం. బాతుల్ని కాల్చే ఆట తుపాకీ గుర్తుందా? ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లగా మెరిసేది, ఆ మెరుపుని తుపాకీలో ఉన్న కన్ను ఆ క్షణంలోనే పట్టుకోవాలి. పిక్చర్ ట్యూబ్ ఆలస్యం చేయదు కాబట్టి పట్టుకునేది. ఎల్‌సీడీ బొమ్మని సర్దుకుని చూపించేసరికి ఆ క్షణం దాటిపోతుంది, ఎంత గురిపెట్టినా బాతు పడదు. మావాడికి ఆ ఆట చూపించాలంటే లోపలి గదిలో ఉన్న డబ్బా టీవీ ఒక్కటే దిక్కు. అందుకే అది ఎక్కడికీ పోదు, మళ్ళీ ఎవరూ పారేయమని చెప్పకండి.

రేపు పొద్దున షాపు తెరవగానే చీల్చిన ప్లగ్గు పట్టుకుని వెళ్తున్నాను. డబ్బు వెనక్కి ఇవ్వకపోయినా పర్వాలేదు. అక్కడ గోడకి ఇంకా పది పన్నెండు వేలాడుతున్నాయి, నా కళ్ళతో చూశాను. అవి అక్కణ్ణుంచి తీసేదాకా కదలను.