వేలితో నొక్కి గుండె జాతకం చెప్పలేం

“ఛాతీలో నొప్పి వస్తే కంగారు పడకండి. నొప్పి ఉన్న చోట వేలితో నొక్కండి. నొప్పి పెరిగితే అది కండరమే, గుండె కాదు. అనవసరంగా ఆసుపత్రికి పరుగెత్తకండి.” ఇలా మొదలై ఊపిరి, ఎడమ చెయ్యి, ఈసీజీ, బెల్టు అంటూ సాగే మెసేజ్ ఒకటి ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పూర్తిగా అబద్ధమైతే ఎవరో ఒకరు వెంటనే పట్టేసేవారు. ఇందులో సగం నిజం ఉంది, అదే చిక్కు.

ఆ సగం ఏమిటంటే, ఛాతీ నొప్పితో మామూలు క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి గుండె బాగానే ఉంటుంది. నొప్పి తరచుగా కండరాల్లోనో, పక్కటెముకల్లోనో, వాటిని రొమ్ము ఎముకకు కలిపే మృదులాస్థిలోనో, వెనక వెన్నుపూసల కీళ్లలోనో ఉంటుంది.

ఇక “నొక్కితే నొప్పి పెడితే కండరమే” అన్న మాట. డాక్టర్లూ నొక్కి చూస్తారు. రొమ్ము ఎముక అంచు వెంట, రెండో పక్కటెముక నుంచి ఐదో దాకా ఒక్కో అతుకు మీద వేలు ఆనించి నొక్కుతూ, “మీకు వచ్చిన నొప్పి ఇదేనా, ఇది వేరుగా ఉందా?” అని అడుగుతారు. మెసేజ్ రాసినాయన ఈ ప్రశ్నే వదిలేశాడు. గట్టిగా నొక్కితే ఏ జబ్బూ లేనివాళ్లకూ అక్కడ నొప్పి పుట్టవచ్చు. అచ్చం అదే నొప్పి తిరిగొస్తే అది కాస్టోకాండ్రైటిస్, అంటే పక్కటెముకను రొమ్ము ఎముకకు కలిపే మృదులాస్థిలో వచ్చే నొప్పి, అనే అనుమానం బలపడుతుంది. అక్కడే వాపు కూడా ఉంటే, 1921లో జర్మన్ సర్జన్ అలెగ్జాండర్ టీట్జే వివరించిన టీట్జే సిండ్రోమ్ కావచ్చు.

అంతమాత్రాన గుండె సంగతి వదిలేయరు. గుండెపోటు వచ్చినవాళ్లలోనూ కొందరికి ఛాతీ నొక్కితే నొప్పి ఉంటుంది. “గుండె లోపలుంది కదా, వేలికి ఎలా అందుతుంది?” అన్న వాదన వినడానికి బాగానే ఉంది. కానీ గుండె నుంచి వచ్చే నొప్పి నరాలూ, ఛాతీ గోడ నుంచి వచ్చేవీ వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోటికి చేరతాయి. ఏ నొప్పి ఎక్కడిదో మెదడే తేల్చుకోలేక తికమకపడుతుంది. పైగా పక్కటెముక నొప్పి ఉన్న మనిషికి గుండె రక్తనాళం మూసుకుపోకూడదని రూలేమీ లేదు.

“ఊపిరి పీల్చినప్పుడు పొడిస్తే భయం లేదు.” ఇది మరీ అన్యాయం. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడినా, న్యుమోనియా వచ్చినా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా నొప్పి అలాగే పొడుస్తుంది.

“ఎడమ చెయ్యి లాగకపోతే గుండెది కాదు.” గుండె నొప్పి దవడకు, మెడకు, వీపుకు, కుడి చేతికి కూడా పాకుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. మరోపక్క మెడ దగ్గర నరం నొక్కుకుపోయినా ఎడమ చెయ్యి లాగుతుంది. కాబట్టి చెయ్యి సాక్ష్యం ఎటూ చెల్లదు.

“ఈసీజీ నార్మల్ వస్తే ఇక మర్చిపోండి.” మొదటి ఈసీజీ నార్మల్‌గా ఉన్న గుండెపోట్లు ఉంటాయి. అందుకే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష చేస్తారు, అవసరమైతే కొన్ని గంటలకు మళ్లీ చేస్తారు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉన్నా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా, నడిస్తే నొప్పి పెరిగి ఆగితే తగ్గుతున్నా నొక్కి చూసుకుంటూ కూర్చోకూడదు. నొప్పి తగ్గకుండా ఉంటే వెంటనే అంబులెన్స్‌ని పిలవాలి.

చివరిది, “ఛాతీకి గట్టిగా బెల్టు కట్టి కదలకుండా పడుకోండి.” పక్కటెముక విరిగినా ఇప్పుడు అలా కట్టరు. బిగించి కడితే ఊపిరి పైపైనే ఆడుతుంది, కఫం లోపలే నిలిచి న్యుమోనియాకు దారితీయవచ్చు. గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయని తేలాక డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర వేసుకుని, దగ్గేటప్పుడు ఆ చోట దిండు అదిమి పట్టుకుని, గంటకోసారి నాలుగైదు సార్లు నిండుగా ఊపిరి పీల్చాలి. విరిగిన పక్కటెముక మామూలుగా 6 వారాల్లో అతుక్కుంటుంది. కాస్టోకాండ్రైటిస్ మాత్రం కొందరిని నెలల తరబడి సతాయిస్తుంది.