ఒత్తు తెచ్చిన చిక్కు

విజయనగరం కోర్టులో పొలం గట్టు తగాదాలకు, చెల్లని చెక్కులకు ఉన్న గిరాకీ యంత్రం మాట తప్పిందని వేసే దావాలకు లేదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన చిన్న ప్లీడరుగారికి మాత్రం అవే కావాలి. గుమాస్తాను, నాకేం? ఏ కేసైనా కట్ట కట్టడం ఒకటే.

తొలి కక్షిదారు మూడు లాంతర్ల దగ్గరుండే రిటైర్డు తెలుగు మాస్టారు. గొంతు గుర్తుపట్టి తెరుచుకునే తాళం కొన్నారు. జలుబు చేసిన రోజున తాళం ఆయన్ను పరాయివాడనుకుంది. మెట్ల మీద కూర్చుని కంపెనీ చాట్‌బాట్‌ను అడిగితే, ఇంట్లోకి వెళ్లి మీట నొక్కమంది. గట్టిగా నిలదీశాక "లోపం మాదే, డబు పూర్తిగా వాపసు ఇస్తాం" అని రాసింది. తీరా అడిగితే ఆ మాట మాది కాదంది కంపెనీ.

కంపెనీ బెంగళూరులో ఉన్నా, 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న ఊళ్లోనే ఫిర్యాదు వేయవచ్చు. వాళ్లకు మన గంటస్తంభం చూపిస్తానని చిన్న ప్లీడరుగారు ఉబలాటపడ్డారు. ఉన్న సాక్ష్యమల్లా ఆ చాట్. దానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం మీద కక్షిదారు, రెండోదాని మీద నిపుణుడు సంతకం పెట్టాలి. అందులో చాట్ ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ రాయాలి. వినియోగదారుల కమిషన్‌లో అంత బిగించి చూడరని పెద్ద ప్లీడరుగారు చెప్పినా ఈయన వినలేదు. అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ 64 గుర్తుల్నీ టైపు చేసింది నేనే. ఫైలులో చుక్క మారినా అవన్నీ మారిపోతాయని టీ తాగుతున్నంతసేపూ పాఠం చెప్పారు.

ఆ పాఠం మాస్టారికి చెప్పలేదు. చదవకుండా సంతకం పెట్టనంటూ ఆయన కాగితాలు, పెన్‌డ్రైవ్ ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాడు సరిచూస్తే ఒక్క అంకె కలిస్తే ఒట్టు. చిన్న ప్లీడరుగారికి ఫ్యాను కిందే చెమటలు పట్టాయి.

"మాస్టారూ, ఫైలు ముట్టుకున్నారా?"

"ముట్టుకోక? మనవడి కంప్యూటర్లో తెరిస్తే అన్నీ తప్పులే! డబ్బుకు ఒత్తు లేదు. కూర్చుని దిద్దేశాను."

"ఆ తప్పులు కంపెనీవండీ!"

"దాఖలయ్యేది నా పేరు మీద కదయ్యా!"

ఒత్తు ఉన్నా లేకపోయినా చేతికొచ్చే డబ్బు ఒకటే అనుకునేవాణ్ణి నేను. పైకి అనలేదు.

అదృష్టవశాత్తు అసలు చాట్ ఫోనులో చెక్కుచెదరకుండా ఉంది. అక్కడా దిద్దబోయారట, ఫోను ఒప్పుకోలేదట. మళ్లీ ఫైలు, మళ్లీ 64 గుర్తులు, నిపుణుడికి మళ్లీ ఫీజు.

ఈసారి సర్టిఫికెట్ ఆఫీసులోనే ఆయన ముందు పెట్టాను. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివి, జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. చిన్న ప్లీడరుగారు గబుక్కున చెయ్యి పట్టుకున్నారు.

"మాస్టారూ, ఆ నమూనా పార్లమెంటు ఆమోదించింది!"

"అయితే మాత్రం? ఈ వాక్యానికి క్రియ ఎక్కడుంది?"