సాసేజ్ ప్యాకెట్లో వచ్చిన కార్డుకి జిడ్డు మరక ఉంటే తప్పేంటి?

పాత బేస్‌బాల్ కార్డులంటే, అదే గమ్ లాంటి సరుకులతో పాటు వచ్చే ఆటగాళ్ల బొమ్మల కార్డులంటే, అందరూ చెప్పేది టాప్స్ అనే బబుల్ గమ్ కంపెనీ 1952లో వేసిన మికీ మాంటిల్ కార్డు గురించే, 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది కదా మరి. నాకు మాత్రం 1954లో వచ్చిన విల్సన్ ఫ్రాంక్స్ అనే చిన్న సెట్ మీదే ఎక్కువ ఆసక్తి. మొత్తం 20 కార్డులు, నంబర్లు కూడా ఉండవు. కార్డుల మార్కెట్ అసలు దేనికి డబ్బులిస్తోందో ఈ సెట్ చూస్తే తెలిసిపోతుంది.

విల్సన్ అంటే చికాగోలో పెద్ద మాంసం కంపెనీ. హాట్ డాగ్‌లో పెట్టే సాసేజ్‌ల ప్యాకెట్లోనే కార్డు పెట్టి అమ్మారు. బ్లాక్ అండ్ వైట్ ఫొటోకి రంగులద్ది చేసిన కార్డులివి, ప్లేయర్ ఏమో మహా సీరియస్‌గా పోజిచ్చి ఉంటాడు, పక్కన గాల్లో ఒక సాసేజ్ ప్యాకెట్ తేలుతూ ఉంటుంది, దానికీ ఆటకీ ఏ సంబంధమూ లేదు, చూస్తే నవ్వొస్తుంది. సైజు మాత్రం ఆ ఏడాది టాప్స్ కార్డంతే, రెండుముప్పావుకి కాస్త తక్కువ వెడల్పు, మూడుముప్పావు అంగుళాల పొడవు.

మాంసం కంపెనీకి ఆటగాళ్లతో పనేంటి అనిపిస్తుంది కానీ సంబంధం గట్టిదే. పశువుల్ని కోసేచోట మిగిలే పేగులతో టెన్నిస్ రాకెట్ తీగలూ అవీ చేసి అమ్ముదామని 1913లో మొదలైన వ్యాపారమే తర్వాత విల్సన్ స్పోర్టింగ్ గూడ్స్ అయింది. అప్పటి పెద్ద స్టార్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ పేరుతో గ్లవ్స్ అమ్మింది కూడా వాళ్లే. అంటే ఆటగాళ్లు ఆ ఇంటికి కొత్తవాళ్లేం కాదు. సెట్లో చికాగో వాసన కూడా బాగానే ఉంది, నెల్లీ ఫాక్స్, హ్యాంక్ సావర్, ఇంకా చికాగో జట్లు వైట్ సాక్స్, కబ్స్ మేనేజర్లు పాల్ రిచర్డ్స్, స్టాన్ హ్యాక్ కూడా ఉన్నారు. సాసేజ్ కొన్న పిల్లాడికి మేనేజర్ బొమ్మ వస్తే ఎంత నీరసపడేవాడో పాపం!

అసలు కథ విలియమ్స్ దగ్గరుంది. అప్పట్లో బబుల్ గమ్ కంపెనీలు టాప్స్, బౌమన్ ఆటగాళ్ల కోసం కోర్టులకెక్కి కొట్టుకుంటున్నాయి. బౌమన్ కార్డులు వేసే హేలన్ ల్యాబొరేటరీస్ టాప్స్ మీద వేసిన కేసులో, మనిషికి తన ఫొటో వ్యాపార విలువ మీద హక్కుంటుందని 1953లో అమెరికా అప్పీల్ కోర్టు జడ్జి జెరోమ్ ఫ్రాంక్ తీర్పు రాశారు. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకీ చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకీ వెళ్లి తెచ్చుకున్న పర్సనాలిటీ రైట్స్ ఆర్డర్లున్నాయే, ఆ ఆలోచనకి పాత వేళ్లు ఈ బబుల్ గమ్ గొడవలోనే ఉన్నాయి. 1954లో బౌమన్ విలియమ్స్‌కి 66వ నంబర్ కార్డు వేసి మధ్యలో తీసేయాల్సి వచ్చింది, ఆ నంబర్ జిమ్మీ పియర్సాల్‌కి పోయింది, టాప్స్ ఏమో సెట్లో మొదటి కార్డూ చివరి 250వ కార్డూ విలియమ్స్‌కే ఇచ్చి పండగ చేసుకుంది. ఇంత గొడవలో సాసేజ్ కంపెనీ వచ్చి అదే విలియమ్స్‌ని అదే ఏడాది కార్డు మీద వేసేసింది. గమ్ కంపెనీల కొట్లాటంతా గమ్‌తో అమ్మే కార్డుల మీద కదా, మాంసం ఆ లెక్కలోకి రాదు. ఇదే సందులోంచి దూరదామని 1963లో ఫ్లీర్ అనే ఇంకో గమ్ కంపెనీ గమ్ బదులు చెర్రీ కుకీ పెట్టి 66 కార్డులు వేసింది, టాప్స్ వదల్లేదు, కోర్టుకి లాగింది.

అంటే ఈ సెట్ పుట్టిందే తిండి సరుకుగా. మరి ఇప్పుడు దాన్ని కొలిచేదేమో గమ్ కార్డుల రూల్స్‌తో! గ్రేడింగ్ కంపెనీ ఒకటి నుంచి పది దాకా మార్కులేస్తుంది, మూలలు పదునుగా ఉన్నాయా, మరక ఉందా అని చూస్తుంది, విల్సన్ కార్డులకేమో సాసేజ్ కొవ్వు అంటుకుని మరకలు పడటం మామూలే. ఆ మరక వల్ల మార్కులు పోతాయి, రేటు పడిపోతుంది. పోనీ మందు పెట్టి తుడిస్తే అది ట్యాంపరింగ్ కిందకొస్తుంది, దొరికితే అసలు నంబరే ఇవ్వరు. ఉంటే లోపం, తీస్తే నేరం. నాణేల మీద పాతబడ్డ రంగుని ఇష్టపడి ఎక్కువిచ్చి కొనేవాళ్లున్నప్పుడు కార్డు మీద కొవ్వుకి ఎందుకింత చులకన?

అందంగా ఉన్నదానికి ఎక్కువివ్వడం సహజమే, కాదనను. కానీ శుభ్రంగా ఉన్న విల్సన్ కార్డంటే చాలావరకు తన పని తాను సరిగ్గా చేయని కార్డు, ప్యాకెట్లో ఎక్కువసేపు లేదు, ఏ పిల్లాడి వేళ్లూ తగల్లేదు. దానికి పదింతలు ఇవ్వడమంటే మనం కొనేది చరిత్ర కాదు, తప్పించుకున్న అదృష్టాన్ని. పైగా ఈ సెట్లో డబ్బంతా విలియమ్స్ ఒక్కడి మీదే కుమ్మరిస్తారు, మిగతా పంతొమ్మిది మందినీ పట్టించుకునేవాళ్లు తక్కువ. కొత్తగా కొనాలనుకునేవాళ్లు నన్నడిగితే జానీ గ్రోత్‌నో రాయ్ మెక్‌మిలన్‌నో తీసుకోమంటాను, మూలలు మెత్తబడి వెనక మరకున్నా పర్లేదు. అమ్మేవాడు ఆ మరక చూపించి రేటు తగ్గిస్తానంటే మాత్రం వద్దనకండి.