సవరణ: మగకప్పలన్నీ ఆడవైపోలేదు

మొక్కజొన్న చేలో కలుపుకి కొట్టే అట్రజిన్ గురించి మొన్న రాసిన పోస్టులో తప్పులు దొర్లాయి. ఆ మందు కలిసిన నీళ్లలో పెరిగిన మగకప్పలన్నీ ఆడవైపోయాయని రాశాను. అన్నీ కాదు. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో జీవశాస్త్రవేత్త టైరోన్ హేస్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో, గుడ్డులోంచి బయటికొచ్చినప్పటి నుంచీ ఆ నీళ్లలోనే ఉన్న 40 ఆఫ్రికా గోళ్ల మగకప్పల్లో పూర్తిగా ఆడవైనవి పది శాతం, అంటే నాలుగే. మిగతా మగవాటిలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పడిపోయింది, వీర్యకణాలు తగ్గాయి.

ఆడవైనవి మామూలు మగకప్పలతో జతకట్టి గుడ్లు పెట్టాయి. పుట్టిన పిల్లలన్నీ మగవే! తల్లి కూడా జన్యువుల లెక్కన మగదే కదా మరి.

ఇంకో తప్పు మోతాదుది, ఇది సిగ్గుపడాల్సిందే. లీటరుకి 2.5 మిల్లీగ్రాములని రాశాను. అవి మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లు తేడా. అమెరికాలో తాగునీటికి పెట్టిన హద్దు 3 మైక్రోగ్రాములు, అంటే కప్పలు పెరిగిన నీళ్లు ఆ హద్దు లోపలే ఉన్నాయి.

"రుజువైపోయింది" అన్న మాట కూడా తీసేస్తున్నాను. 2009లో జర్మనీ, అమెరికా ల్యాబుల్లో చేసిన ప్రయోగంలో ఈ ప్రభావం కనబడలేదు. దానికి డబ్బు పెట్టింది మాత్రం అట్రజిన్ తయారుచేసే కంపెనీయే.