హెచ్‌ఓడీ గారి సంతకమే ఎందుకు?

విదేశీ యూనివర్సిటీలకి అప్లై చేసే పిల్లలకి కావాల్సిన రికమెండేషన్ లెటర్ల, అదే ఎల్ఓఆర్‌ల, సీజన్ వచ్చేసింది. గుంటూరు, విజయవాడ మధ్య ఏ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళినా ఈ రోజుల్లో హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గది బయట పెద్ద వరస కనిపిస్తుంది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ముందే టైపు చేయించి తెచ్చిన ఉత్తరం, కింద సంతకానికి ఖాళీ. లోపల కూర్చున్నాయనకి ఆ వరసలో సగం మంది పేర్లు కూడా తెలియవు. ఆయన తప్పేమీ లేదు, వాళ్ళకి ఒక్క క్లాసన్నా చెప్పలేదాయన. మరి ఆయన దగ్గరికే ఎందుకు ఎగబడుతున్నారన్నదే నా గొడవ.

నేనూ ఈ దారిలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్తాను. హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్. ల్యాబుల్లో కాళ్ళు పీకేలా నిలబడేది, మిడ్ పేపర్లు దిద్దేది, రికార్డులో తప్పుంటే వెనక్కి కొట్టేది, "బాబు మూడు రోజులుగా రావట్లేదండీ" అని ఇంటికి ఫోన్ చేసేది మా బ్యాచే. లెటర్ కావాల్సిన రోజు మాత్రం మేం ఎవరికీ కనపడం. "అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటే వెయిట్ ఉండదంట మేడమ్, ప్రొఫెసర్ అండ్ హెచ్‌ఓడీ అని ఉండాలంట, కన్సల్టెన్సీలో చెప్పారు" అని ఒకమ్మాయి నా మొహం మీదే అనేసింది. పాపం అమాయకంగానే అంది, నవ్వొచ్చింది నాకు. అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటే పీహెచ్‌డీ చేసి, సొంత పరిశోధన నడుపుకునే మనిషి. ఆ హోదా చూసి అక్కడెవరూ మూతి విరవరు. మూతి విరిచేది విజయవాడ బెంజ్ సర్కిల్‌లో, గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని ఫైళ్ళు చేసే కన్సల్టెన్సీవాళ్ళే.

ఈ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. గెజిటెడ్ సంతకాల కాలంది. కాస్త వయసున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: జిరాక్సుల కట్ట పట్టుకుని, ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టే ఆఫీసరు ఎక్కడ దొరుకుతాడా అని ఊరంతా తిరిగేవాళ్ళం. ఆయనకి మనమెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కాపీ ఒరిజినల్‌తో సరిపోతే చాలు, స్టాంపు పడేది. సెల్ఫ్ అటెస్టేషన్ వచ్చాక ఆ తిరుగుడు తగ్గింది. కాండక్ట్ సర్టిఫికెట్ అయితే మరీను, అందరి ప్రవర్తనా "సంతృప్తికరమే". ఎల్ఓఆర్‌ని కూడా మనం ఆ కట్టలోనే కలిపేశాం. టీసీ, కాండక్ట్, ట్రాన్స్‌క్రిప్ట్, ఎల్ఓఆర్. ఎంత పెద్ద స్టాంపు పడితే అంత మంచిదని లెక్క.

కానీ యూనివర్సిటీ నుంచి లెటర్ రాసేవాళ్ళ మెయిల్‌కి వచ్చిన లింక్ తెరిస్తే అడిగేది వేరు. ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు? ఏ విధంగా తెలుసు? మీరు చూసిన విద్యార్థుల్లో పై 5 శాతంలో ఉంటాడా, 10లోనా, 25లోనా? కింద ఒక గళ్ళ పట్టిక: సొంతంగా ఆలోచించడం, రాయడం, నలుగురితో కలిసి పనిచేయడం. చాలా ఫారాల్లో చివరన "చెప్పేంత పరిచయం లేదు" అని కూడా ఒక గడి ఉంటుంది. నిజం చెప్పాలంటే పైనుంచి కిందిదాకా ఆ గడిలోనే టిక్కులు పడాలి. పడవు. వరసలో నిలబడ్డ ప్రతివాళ్ళూ పై 5 శాతమే!

ఇంకో తమాషా చూడండి. ఈ లెటర్ చూసుకునే హక్కు వదులుకుంటున్నారా అని అప్లికేషన్‌లో విద్యార్థిని అడుగుతారు. అమెరికాలో 1974లో ఫెర్పా అని ఒక చట్టం వచ్చింది. చేరిన విద్యార్థికి తన ఫైలు చూసుకునే హక్కు దాని ప్రకారమే ఉంది. ఆ హక్కు వదులుకుంటే రాసేవాళ్ళు మొహమాటపడకుండా రాస్తారని ఈ ఏర్పాటు. మనవాళ్ళు బుద్ధిగా వదులుకుంటారు. తను టైపు చేసుకున్న ఉత్తరాన్ని తను చూడనని సంతకం పెట్టడమన్నమాట.

అలాగని పిల్లల్నే తిడితే అన్యాయం. అక్కడ మామూలుగా కోర్సు చెప్పేవాళ్ళే పరీక్ష పెడతారు, గ్రేడూ వాళ్ళే ఇస్తారు. వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసమే ఆఫీసులో కూర్చుంటారు. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న మన కాలేజీల్లో ఇంటర్నల్స్ 30, సెమిస్టర్ చివర పరీక్ష 70. ఆ పేపరు బయటి నుంచి వస్తుంది, దిద్దేది ఎవరో మాకూ తెలియదు. నేను ఏడాది పొడవునా పాఠం చెప్పిన పిల్లాడు అసలు పరీక్షలో ఏం రాశాడో నేను చూడను. సెక్షన్‌కి అరవై మంది పైమాటే. 2024-25 నుంచి బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితిని సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ఎత్తేశాక కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) సెక్షన్లకి అక్షరాలు చాలతాయో లేదో. మాకేమో కాలేజీ గుర్తింపు కోసం నాక్ ఫైళ్ళు, ఎన్‌బీఏ ఫైళ్ళు, ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఊళ్ళమ్మట తిరుగుడు. ఇక పరిచయం ఎక్కడ పెరుగుతుంది?

దీనికి తోడు బాగా చెప్పే సార్ నిలవడు. జీతం చాలక పక్క కాలేజీకో, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌కో వెళ్ళిపోతాడు. వెళ్ళాక ఆయన కాలేజీ మెయిల్ ఐడీ ఆపేస్తారు. అప్లికేషన్‌లో కాలేజీ మెయిలే ఇవ్వాలంటారు, జీమెయిల్ ఇస్తే అనుమానంగా చూస్తారు. పిల్లాణ్ణి ఎరిగినాయనకి ఐడీ లేదు, ఐడీ ఉన్నాయన పిల్లాణ్ణి ఎరగడు. ఈ చిక్కు నిజమైనదే, ఒప్పుకుంటాను.

కానీ దీనికి కన్సల్టెన్సీలు కనిపెట్టిన మందు చూస్తే ఒళ్ళు మండుతుంది. ముగ్గురు లెక్చరర్ల పేర్లతో మూడు లెటర్లు, మూడింటిలోనూ అదే "ఇన్నోవేటివ్ థింకర్", అదే "డెడికేటెడ్ అండ్ సిన్సియర్". పేరు మారిస్తే పక్క సెక్షన్ అమ్మాయికీ సరిపోతుంది. కొందరైతే లెక్చరర్ పేరున ఒక జీమెయిల్ తెరిచి, లింక్ తమకే తెప్పించుకుని, తామే నింపి పంపేస్తున్నారు. దాన్ని ఫోర్జరీ అంటారు, సర్వీసు అనరు. రేపు అటువైపు పట్టుకుంటే అడ్మిషన్ పోయేది పిల్లాడికి. ఫీజు తీసుకున్నవాడు మరుసటి బ్యాచ్ చూసుకుంటాడు.

నేను రాసిన ఒక లెటర్ సంగతి చెప్తాను. అబ్బాయిది తెనాలి వైపు ఊరు, సీజీపీఏ అంతంత మాత్రం. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) ల్యాబులో సగం క్లాసు సీనియర్ల రికార్డు చూసి దించేస్తుంది, అవుట్‌పుట్‌తో సహా. ఇతనికి ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్ తప్పొచ్చింది. దాన్ని అలాగే రికార్డులో ఎక్కించి, ఎందుకు తప్పొచ్చిందో కింద పేజీ నిండా రాశాడు. సగం వివరణ తప్పే. కానీ ఆ పేజీ నాకు గుర్తుండిపోయింది. లెటర్లో అదే రాశాను. మొత్తం మీద పై 25 శాతంలో పెట్టాను, పట్టుదల దగ్గర మాత్రం పై 5లో పెట్టాను. ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడటానికి తడబడతాడని కూడా రాశాను. రేటింగ్ ఎంత పెట్టానో అతనికి చెప్పే పెట్టాను. వాళ్ళ కన్సల్టెన్సీవాళ్ళు "స్ట్రాంగ్‌గా లేదు, మార్పించు" అన్నారట. మార్చలేదు, అతనూ అడగలేదు.

పేజీన్నర పొగడ్త కంటే ఆ ఒక్క రికార్డు పేజీ సంగతి చదివేవాళ్ళకి ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. కోర్సులు చదివి బయటపడే ఎం.ఎస్.కి మార్కుల ముందు లెటర్ తేలిపోవచ్చు. పీహెచ్‌డీకి అలా కాదు. ఐదేళ్ళు తన దగ్గర పెట్టుకోవాల్సిన మనిషి గురించి అక్కడి ప్రొఫెసర్ ఒక్కో వాక్యం చదువుకుంటాడు.

మా తోటివాళ్ళకీ ఒక మాట. "నీ గురించి రాసేంత నాకు తెలియదు నాన్నా, మీ ల్యాబ్ మేడమ్‌ని అడుగు" అంటే మన పరువేం పోదు. తెలిసినవాళ్ళతో ఫోన్ చేయించే తల్లిదండ్రులకైనా ఇదే చెప్పాలి. మిర్చి యార్డు నుంచి ఒకాయన, కరస్పాండెంట్ గారి బావమరిది నుంచి ఒకాయన... రికమెండేషన్ లెటర్ కోసం రికమెండేషన్ పట్టుకొచ్చే జిల్లాలండీ మనవి.

పిల్లలూ, ఎవర్ని అడగాలో తెలియకపోతే మీ రికార్డు ఎక్కువసార్లు వెనక్కి కొట్టినవాళ్ళని అడగండి. వాళ్ళకి మీరు కచ్చితంగా గుర్తుంటారు. వాళ్ళు కాలేజీ మారినా ఫర్వాలేదు, ఇప్పుడున్న కాలేజీ మెయిల్ అడగండి, ఫలానా చోట ఉన్నప్పుడు చెప్పానని లెటర్లో ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు డెడ్‌లైన్‌కి నెల ముందు రండి, ముందురోజు రాత్రి వాట్సాప్ పెట్టొద్దు. టైపు చేసిన ఉత్తరం తేవద్దు. ల్యాబ్ రికార్డు, ప్రాజెక్ట్ రిపోర్టు తెచ్చుకుని అరగంట కూర్చోండి, అడిగినవాటికి జవాబు చెప్పండి. ప్రాజెక్ట్ కొనుక్కున్నదైతే ముందే చెప్పేయండి, దాన్ని పక్కన పెట్టి ఇంకేదైనా వెతుకుదాం.